ఎవరూ తెరవని గేటు

బెంగళూరు, చిక్కపేట
1942 అక్టోబరు 24

చిరంజీవి సౌభాగ్యవతి గౌరమ్మను అన్న వెంకటగిరియప్ప మనసారా దీవించి రాసేది.

నీ కార్డు అందింది. నిన్ను అమ్మమ్మను చేస్తూ రత్నమ్మకు ఆడపిల్ల పుట్టిందనీ, బిడ్డ నెల ముందే వచ్చినా గొంతు మాత్రం నిండు నెలల గొంతేననీ రాశావు. సంతోషం. ఆ గొంతు నీ పోలికే అయివుంటుంది.

బావ ఎందుకు ఉత్తరం రాయడం లేదని అడిగావు. రామాంజినప్ప జన్మలో ఎవరికి ఉత్తరం రాశాడు గనుక? మిల్లులో పని ఎక్కువగా ఉంది. పట్టాళానికి పోయే కంబళ్ళు గదా, దొరలకు తొందర. బావ క్షేమం. వేళకు తింటున్నాడు, వేళకు పడుకుంటున్నాడు. నువ్వు బాలింతను చూసుకో, ఇక్కడి దిగులు పెట్టుకోకు.

ఇక పాఠం. అవెన్యూ రోడ్డులో బోర్డులు చదవాలని నీకు పుట్టిన కోరిక ప్రకారం ఉత్తరానికొక ఇంగ్లీషు మాట నేర్పుతానని మాట ఇచ్చాను. ఈసారి మాట ‘ఓపెన్’. తెరవడం అని అర్థం. ఇంతే అయితే కార్డు ముక్క చాలు, కవరు దండగ. కానీ ఇది మామూలు మాట కాదు.

నేను జవుళి కొట్లో గుమాస్తాగా ఉన్నప్పుడు మా షావుకారు దొరలుండే దండు పేటలో ఎవరిదో అంగడి ఎత్తేస్తుంటే ఒక బోర్డు కొనుక్కొచ్చాడు. ఒక వైపు ‘ఓపెన్’, రెండో వైపు ‘క్లోజ్డ్’. మాలో ఒక్కడికీ ఇంగ్లీషు రాదు. ఏ వైపు అక్షరాలు తక్కువగా ఉంటే అది మూసినప్పటిది అయివుంటుందని షావుకారు తీర్మానించాడు, మూసినవాడికి మాటలెందుకని. ఆ లెక్కన పగలంతా ‘క్లోజ్డ్’, రాత్రంతా ‘ఓపెన్’. తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు బోర్డు చూడకుండా లోపలికి వచ్చేవాళ్ళు. దొరలు మాత్రం గుమ్మం దాకా వచ్చి, లోపల బేరాలు చూసి, బోర్డు చూసి, మాకు మతి పోయిందనుకొని వెళ్ళేవాళ్ళు. నేను ఇంగ్లీషు మొదలుపెట్టింది ఆ బోర్డు వల్లే.

అట్ట ఊడిన నా నిఘంటువులో ఈ మాటకు అర్థాలు పుట దాటి పోయాయి. తలుపు ఓపెన్. ఆకాశం కింద పడుకుంటే ఓపెన్. మనసులో ఏమీ దాచుకోనివాడు ఓపెన్. అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని సంగతి కూడా ఓపెనే. ఆగస్టు గొడవలప్పుడు పత్రికలు ఊరూరి పేరు పెట్టి ‘పోలీసులు ఫైర్ ఓపెన్ చేశారు’ అని రాశాయి. అందులో ఏ తలుపూ లేదు, ఏ గడియా లేదు. తుపాకి కాల్చడాన్ని కూడా ఏదో కొట్టు ప్రారంభించినట్టు చెప్పడం వాళ్ళకే చెల్లింది.

అంతకన్నా విచిత్రం ఒకటుంది. మన వ్యాకరణంలో చేసేవాడు కర్త, చేయబడేది కర్మ, పనిముట్టు కరణం. ఎవరి పీట వాళ్ళది. ఇంగ్లీషులో ఈ మాటకు పీటల పట్టింపు లేదు. మనిషి గేటు ఓపెన్ చేశాడు, సరే. బీగంచెవి గేటు ఓపెన్ చేసింది అనీ అంటారు. అంటే పనిముట్టు పోయి యజమాని పీట మీద కూర్చుంది. అదైనా నయం, గేటు ఓపెన్ అయింది అని కూడా అంటారు. ఇక్కడ మనిషీ లేడు, చెవీ లేదు. గేటు తనంతట తానే ఆవులించినట్టు. చేసినవాడు ఎటు పోయాడో వాక్యం చెప్పదు. చెప్పకపోయినా తప్పు కాదు, మంచి ఇంగ్లీషే.

ఇవాళ్టికి చాలు. బిడ్డ పాలు బాగా తాగుతోందో లేదో రాయి. అన్నట్టు, మహర్నవమి నాడు నువ్వు రైలెక్కేటప్పుడు బావ స్టేషనుకు వచ్చాడా? ఊరికే అడుగుతున్నాను.

నీ అన్న
వెంకటగిరియప్ప

*

హిందూపురం
అక్టోబరు 29

అన్నకు చెల్లెలు గౌరమ్మ దండం పెట్టి రాసేది.

పాఠం చదివాను. అర్థమయింది. ఇప్పుడు నా పాఠం నువ్వు చదువు.

నాయన పోయిన రోజు నువ్వు నన్ను తీసుకురావడానికి వచ్చి, బండిలో దారి పొడుగునా మైసూరు మహారాజా గుర్రాల గురించి చెప్పావు. గుర్రం దంతాల దాకా వచ్చేటప్పటికి నాకు తెలిసిపోయింది. నువ్వు సంగతి దాచాలంటే ఇంకో సంగతి విప్పుతావు. ఈసారి ఒక్క మాట మీద కవరు నిండా రాశావంటే ఇంకేం చెప్పాలి?

ఒకటి. ఆయన వేళకు తింటున్నాడన్నావు. పెళ్ళయిన నాటినుంచి ఆయన వేళకు తిన్నది నేను చూడలేదు. ఎవరో కూర్చోబెట్టి గంట కొట్టి పెడితే తప్ప. రెండు. ఇంగ్లీషు పాఠంలో లోకంలో అందరూ తలుపు తెరుస్తారు. మిల్లు గేటు కాసేవాడి పెళ్ళానికి రాసిన పాఠంలో నీ మనిషి గేటు తెరిచాడు. మూడు. ఊరికే అడిగేవాడివి కాదు నువ్వు.

స్టేషనుకు వచ్చాడు. పట్టాళం మనుషులతో పెట్టెలన్నీ కిక్కిరిసి ఉంటే, నన్ను ఆడవాళ్ళ పెట్టెలోకి తోసి, మూట అందించి, రైలు కదిలేదాకా కిటికీ పట్టుకొని నిలబడ్డాడు. ఎందుకు అడిగావు?

ఇక్కడ బిడ్డ బాగుంది. మా వియ్యపురాలు చౌడమ్మ సంగతి నీకు తెలుసు గదా. నిన్న నీ కవరు బరువు చూసి, “మీ అన్న ఏమి, భారతం రాసి పంపినాడా?” అంది. ఇంగ్లీషు పాఠమన్నాను. “పురిటింట్లో ఇంగ్లీషు యాల? బిడ్డకి చుట్టేకి పాత గుడ్డలు పంపమను” అంది. నవ్వాను. నీ కవరు తీసి మళ్ళీ చదివాను.

ఆయన ఎక్కడ ఉన్నాడో ఒక్క ముక్కలో రాయి. గుర్రాలు వద్దు.

గౌరమ్మ

*

బెంగళూరు, చిక్కపేట
నవంబరు 2

గౌరమ్మా,

ఒక్క ముక్కలో రాస్తున్నాను. బావ జైల్లో ఉన్నాడు. ఒంటికి దెబ్బ లేదు, జ్వరం లేదు. ఒకసారి కూర్చొని, నీళ్ళు తాగి, మిగతాది చదువు.

నీ కవరు పక్కగా కోసి, కాగితపు పట్టీ అంటించి వచ్చింది. దాని మీద ‘సెన్సారు ఓపెన్ చేసినది’ అని అచ్చు. ఈ మాట ఇన్ని చోట్ల చూశాను గానీ తెరిచినవాడు తన పేరు తానే చెప్పుకున్నది ఇక్కడే. కాబట్టి నా ఇంటి టపా మీద వాళ్ళ కన్ను ఉంది. ఇకమీదట ఏమి రాసినా మూడో మనిషి కూడా చదువుతాడని తెలిసి రాయి.

మహర్నవమి నాడు మిల్లు మూసి ఉంది. దీపాలు పెట్టే వేళ కాంగ్రెసు ఊరేగింపు ఒకటి ఆ దారిన పోయింది. అందులోనుంచి కొందరు విడిపోయి మిల్లు గేటు దాటి, గోదాములో పట్టాళం కంబళ్ళ మూటలకు నిప్పు పెట్టారు. ప్రాణాపాయం లేదు, మూటలు కాలాయి. తెల్లవారి పోలీసులు వచ్చి చూస్తే గేటుకు బీగం వేసి ఉంది. బీగం పగలలేదు. చెవి బావ మొలతాడుకు ఉంది. మిల్లు దొర ఫిర్యాదులో ఒకే వాక్యం: గేటుకీపరు గేటు ఓపెన్ చేశాడు. నిప్పు పెట్టినవాళ్ళకు తోడుదొంగ అని కేసు. రుజువైతే ఏళ్ళ తరబడి కఠిన శిక్ష.

చూడటానికి వెళ్ళాను. కమ్మీల అవతల నిలబడ్డాడు.

“ఏమి జరిగిందప్పా, చెప్పు” అన్నాను.

“గేటు తెరుచుకునింది బావా.”

“ఎట్ల తెరుచుకునింది? గాలికా?”

“తెరుచుకునింది. అంతే.”

“నువ్వు యాడ ఉన్నావు అప్పుడు?”

“గౌరికి రాయొద్దు బావా. పచ్చి బాలింత ఉండే ఇల్లు. ఒట్టు పెట్టుకో” అన్నాడు. పెట్టుకున్నాను. అందుకే పోయిన ఉత్తరంలో నీకు పాఠం చెప్పాను. ఇప్పుడు ఆ ఒట్టు తప్పాను, దాని పాపం నీ తెలివిది.

శ్రీనివాసప్ప వకీలును పెట్టాను. “మీ బావ నోరు విప్పకపోతే నేను ఎవరి తరఫున మాట్లాడాలి?” అంటున్నాడు. బావ గేటు తెరిచి ఆ కుర్రాళ్ళను లోపలికి పంపాడని నాకు నమ్మకం కుదరడం లేదు. కానీ బీగం పగలలేదు, చెవి ఆయన దగ్గరే ఉంది. నీకేమైనా తెలుసా? తెలిస్తే, కవరు ఎవరు తెరిచినా ఫరవాలేదనుకుంటేనే రాయి.

వెంకటగిరియప్ప

*

హిందూపురం
నవంబరు 6

అన్నా,

తెరిచేవాళ్ళను తెరవనీ. వాళ్ళకూ తెలియనీ.

ఆ పూట గేటుకు బీగమే లేదు. అది పూజలో ఉంది.

నువ్వు ఆయుధపూజకు కలమూ పుస్తకమూ పెడతావు. సాలెవాళ్ళు మగ్గం పెడతారు, జట్కావాళ్ళు బండి పెడతారు. కాపలావాడికి ఆయుధం ఏముంటుంది? బీగమే. ప్రతి ఏడూ మహర్నవమి పొద్దున నేను గేటు బీగం తీసి, చింతపండుతో తోమి, పసుపు రాసి, మూడు గీతలు కుంకుమ పెట్టి, చేమంతిపువ్వు దారంతో చుట్టి, చెవితో సహా గేటు పక్క మా గదిలో అమ్మవారి పటం ముందు పెడతాను. పూజలో కూర్చున్న ఆయుధాన్ని మర్నాడు హారతి ఇచ్చి లేపేదాకా ముట్టకూడదు. ఆ పగలూ రాత్రీ గేటుకు ఒట్టి గొలుసు చుట్టి, ఎదురుగా ముక్కాలిపీట వేసుకొని ఆయన కూర్చుంటాడు. బొరుగులు తింటూ, “ఈపొద్దు బీగం నేనే” అంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఏడూ లేచింది లేదు.

ఈ ఏడు లేచాడు. మధ్యాహ్నం చౌడమ్మ ఇప్పించిన తంతి వచ్చింది, రత్నమ్మకు నొప్పులు మొదలయ్యాయని. నెల ఉందనుకున్నాం, నా చేతులు ఆడలేదు. “ఒక్కదాన్నే పోలేను, పట్టాళం గుంపులో నన్ను ఎవరు ఎక్కిస్తారు, నువ్వు రా” అన్నాను. ఆయన గేటు వైపు చూశాడు. “చూస్తావేమి? గేటు యాడికీ పోదు, బిడ్డ పోతాది” అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

తిరిగి వెళ్ళేసరికి కాలుతూ ఉండి ఉంటుంది. భయపడి పూజలోనుంచి బీగం ఎత్తి గేటుకు వేసుంటాడు. ఆ పని చేయకుండా ఉంటే పోలీసులు పటం ముందు బీగం చూసి వాళ్ళంతట వాళ్ళే తెలుసుకునేవాళ్ళు. దేవుడి ముందునుంచి తీసి వేశాడు చూడు, అదే ఆయన మెడకు పడింది.

అడిగితే చెప్పొచ్చు గదా ఈ సంగతి? ఎందుకు చెప్పడు? వెళ్ళి అడుగు. గౌరి రాసిందని చెప్పి అడుగు. చెప్పకపోతే నేనే వచ్చి చెబుతాను.

గౌరమ్మ

*

బెంగళూరు, చిక్కపేట
నవంబరు 11

గౌరమ్మా,

వెళ్ళాను, అడిగాను. నీ ఉత్తరం కమ్మీల దగ్గర చదివి వినిపించాను. పూర్తయ్యేదాకా తల వంచుకొని విన్నాడు. తరువాత నా చేయి పట్టుకున్నాడు. నీ మొగుడు మెత్తని మనిషని అనుకునేవాణ్ణి. వేళ్ళు ఇంకా నొప్పిగా ఉన్నాయి.

“దాన్ని రానియ్యొద్దు బావా.”

“ఎందుకప్పా? నిజమే గదా చెప్పేది!”

“నిజమే. కోర్టులో ఏమని చెప్తాది? మనమరాలు పుడతాందని తంతి వచ్చింది, అందుకని గేటు ఇడిసి పోయినాడు, అందుకని జైలుకి పోయినాడు. ఇట్లే గదా? రేపటికి హిందూపురం అంతా ఏమంటారు? పుట్టిన పూటే తాతని జైల్లో పెట్టించిందంటారు. ఆ మాట పిల్లకి పెళ్ళయినా పోదు.”

నేను నవ్వి తేల్చేద్దామనుకున్నాను. ఆయన నవ్వనివ్వలేదు. “మా కదిరమ్మ నీకు తెలుసు గదా” అన్నాడు.

కదిరమ్మ ఆయన చెల్లెలు. పుట్టిన రోజునే వాళ్ళ నాయన బావి తవ్వుతూ గట్టు కూలి పోయాడు. ఆ పిల్లను పేరు పెట్టి పిలిచిన గొంతు నేను వినలేదు. పెళ్ళిపందిట్లోకి పిలవరు, కొత్త బట్ట కత్తిరించేటప్పుడు ఎదురు రానివ్వరు. అప్పట్లో నేను కూడా దాన్ని ఒక రివాజు అనుకున్నానే గాని, దాని లోపల ఒక మనిషి ఉందని అనుకోలేదు. “మా చెల్లెలు బతికిన బతుకు నా మనమరాలు బతకకూడదు బావా. నేను లోపల ఉంటే నా ఒక్కడికే గదా” అన్నాడు.

వకీలుకు చెప్పాను. ఆయన కుర్చీలోనుంచి లేచాడు. “అయ్యో, ఇది ఇంకా ప్రమాదం. యుద్ధకాలం, పట్టాళం సరుకు. కాపలా వదిలి పోయానని తానే ఒప్పుకుంటే దానికే శిక్ష వేయొచ్చు. పైగా ఆ తల్లిని కూడా ఇరికిస్తారు, బీగం తీసింది ఆమే గదా” అన్నాడు. ఆయన సలహా ఏమిటంటే, బీగం మాట, రైలు మాట ఏదీ ఎత్తకుండా వాంగ్మూలంలో ‘గేటు ఓపెన్ అయింది’ అని రాసి, ఎవరు చేశారో రుజువు చేసుకోమని దొర నెత్తిన వేయాలి. ఒక్కోసారి చెల్లుతుందట. చెల్లకపోతే? ఆ మాటకు ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఆ వాక్యం రాయమని నాకే ఇచ్చాడు. నా చేతి ఇంగ్లీషు గుండ్రంగా ఉంటుందని. రాశాను. అందులో అబద్ధం లేదు. మనిషి కూడా లేడు. బావ లేడు, నువ్వు లేవు, తంతి లేదు, పుట్టిన బిడ్డ లేదు. ఎవరికీ మాట రాదు. ఇన్నేళ్ళు ఈ భాషలో నేను మెచ్చుకున్న నేర్పు ఇదే. ఇప్పుడు దాన్ని చూస్తుంటే నోరు చేదుగా ఉంది.

అయినా నా మాట విను. రాకు. విచారణ ఈ నెల ఇరవై మూడున. చెల్లితే బయటికి వస్తాడు. నువ్వు వస్తే ఇద్దరూ లోపలికి పోవచ్చు, బిడ్డకు చెడ్డపేరు కూడా పడవచ్చు. చౌడమ్మ నోరు ఎటువంటిదో నాకన్నా నీకే బాగా తెలుసు.

వెంకటగిరియప్ప

*

హిందూపురం
నవంబరు 16

అన్నా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం తినలేదు. ఎటు చూసినా గోడే. నేను వెళ్ళకపోతే ఆయన ఏళ్ళ తరబడి లోపల. వెళితే ఈ ముద్దలాంటి పిల్ల నెత్తిన నా నోటితోనే నేను మట్టి పోయాలి. దీని మొహం చూస్తే కదిరమ్మ గుర్తొస్తుంది. ఆయన్ని తలచుకుంటే జైలు కమ్మీలే కనబడతాయి.

చివరికి ఇంటి పెద్దకు తెలియకుండా ఏదీ చేయకూడదని చౌడమ్మకు చెప్పేశాను. ఎటూ ఆమె నోటికే గదా నేను భయపడేది. కోర్టులో చెప్పాక ఎవరో వచ్చి ఆమెకు చెప్పడం కన్నా నేను చెప్పడం మేలు.

ఆమె పెరట్లో కాళ్ళు చాపుకొని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకొని నీళ్ళు పోస్తోంది. నేను మొదటినుంచి చెప్పాను. బీగం, తంతి, రైలు, నిప్పు, జైలు. చెంబు ఆగలేదు. బిడ్డ వీపు మీద నీళ్ళు, సున్నిపిండి, మళ్ళీ నీళ్ళు.

“అయిపోయిందా చెప్పేది?” అంది.

“అయిపోయింది వదినా.”

“ఎన్నాళ్ళైంది నీకు తెలిసి?”

చెప్పాను.

“అన్నాళ్ళు మింగినావు. నన్నేమనుకున్నావు నువ్వు?” అని బిడ్డను వెల్లకిలా తిప్పి, ముక్కు సాగదీసి, “పో. పోయి చెప్పాల్సింది చెప్పి రా. బాలింతని, బిడ్డని నేను చూసుకుంటా” అంది. అంతే. సాంబ్రాణి పొగ వేయడానికి లోపలికి వెళ్ళిపోయింది.

కోపమో, జాలో, రేపు నలుగురిలో ఏమనబోతుందో ఆ మొహంలో ఏమీ కనబడలేదు. రాత్రి భోజనం దగ్గర కూడా మాట లేదు. చౌడమ్మ మాట్లాడకపోవడం నేను ఇంతవరకూ ఎరగను. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఇరవై రెండో తేదీ రైలుకు వస్తున్నాను. స్టేషనుకు రా. నీ వకీలుకు చెప్పు, ఆ గుండ్రటి అక్షరాల వాక్యం ఆయన జేబులోనే పెట్టుకోమని. మా ఆయనకు మాత్రం చెప్పకు, నన్ను చూసేదాకా.

గౌరమ్మ

*

బెంగళూరు, చిక్కపేట
నవంబరు 30

నా చెల్లెలు గౌరమ్మకు,

తీర్పు ఈ ఉదయం వచ్చింది. మొదటి వాక్యంలోనే చెబుతున్నాను, గుర్రాలు లేవు: బావను వదిలేశారు.

ఇక కూర్చొని చదువు. రత్నమ్మకూ చౌడమ్మగారికీ కూడా చదివి వినిపించు. నువ్వు బోను దిగగానే రైలు వేళయిందని జట్కా ఎక్కావు. అక్కడ నువ్వు ఏమి మాట్లాడావో ఇంట్లో చెప్పుకొని ఉండవు. కాబట్టి నేను రాస్తాను.

బావ నిన్ను చూసి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు, అది నువ్వు చూడలేదు. దొర వకీలు ఇంగ్లీషులో అడిగాడు, దుబాసీ తెలుగు చేశాడు: “గేటు ఎవరు తెరిచారు?”

నువ్వు అన్నావు: “ఎవురూ తెరవలేదు సామీ. మూసి ఉంటే కదా తెరిచేది?”

దుబాసీ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. నేను వెనక బెంచీలో కూర్చొని ఉన్నాను. కర్త, కర్మ, కరణం అని పీటలు వేసి నీకు పాఠం చెప్పినవాణ్ణి. పుట దాటి పోయిన అర్థాల్లో ఇది ఎక్కడా లేదు. మేమందరం తెరిచినవాడి కోసం వెతుకుతున్నాం. అక్కడ తెరవడమనే పనే జరగలేదు.

“అయితే వాళ్ళు లోపలికి ఎట్లా వచ్చారు?” అన్నాడు దొర వకీలు.

“నడిచి వచ్చినారు.”

కోర్టు నవ్వింది. మేజిస్ట్రేటు నవ్వలేదు. ఆయన దొర కాదు, మన తెలుగువాడే. దుబాసీని పక్కకు ఉండమని, తానే తెలుగులో అడిగాడు. “బీగం పూజలో పెట్టినాక గేటు దేంతో బందోబస్తు చేసినారమ్మా?”

“మా ఆయనతో సామీ.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“మరి ఆయన యాడికి పోయినాడు?”

“నన్ను రైలెక్కించేకి వచ్చినాడు. ఆయన రానన్నాడు. నేనే లేపినాను. బిడ్డ పుడతాందని తంతి వచ్చింటే యా ఆడదైనా లేపుతాది.”

నువ్వు వెళ్ళాక మేజిస్ట్రేటు బీగం తెప్పించి కళ్ళద్దాల దగ్గర పెట్టుకొని చూశాడు. సందుల్లో పసుపు, చెవి రంధ్రంలో ఎండిన చేమంతి రేక. పోలీసు ఇన్‌స్పెక్టరును అడిగాడు, “ఆ పొద్దు మీ స్టేషనులో తుపాకులు ఎక్కడ ఉన్నాయి?” ఇన్‌స్పెక్టరు దొర వైపు చూడకుండా, “పూజలో ఉన్నాయి సార్” అన్నాడు.

తీర్పు ఏమిటంటే, బావ నిప్పు పెట్టినవాళ్ళకు తోడు కాడు. కాపలా వదలడం తప్పే, దానికి ఇంతవరకూ లోపల ఉన్నది చాలు. నీ మీద ఏమీ లేదు. మిల్లు పని మాత్రం పోయింది. గేటు పక్క గది ఖాళీ చేయమన్నారు. సామాను నా ఇంట్లో పెట్టించాను.

బావ ఇక్కడే ఉన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. బయటికి వచ్చిన మనిషి మొహంలా లేదు అది. “శుక్రవారం రైలుకు హిందూపురం పో” అంటే, “నేను బిడ్డని ముట్టను బావా. దూరంనించి చూసి వస్తా. జైలు చేతులు” అంటున్నాడు. అసలు భయం అది కాదని నాకు తెలుసు. తాను ఆ వాకిట్లో కనబడగానే వీధి ఏమంటుందో, చౌడమ్మ ఏమంటుందో అని. బలవంతంగా పంపుతున్నాను. చౌడమ్మగారూ, ఇది చదివి వినిపిస్తున్నప్పుడు మీరు వింటూ ఉంటే, ఈ ముసలివాడు మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. అడగడానికి ధైర్యం లేదు.

వెంకటగిరియప్ప

*

హిందూపురం
డిసెంబరు 6

అన్నా,

ఆయన శుక్రవారం సాయంత్రం వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. వాకిటి అరుగు చివర, ఏ క్షణమైనా లేచి పోయేవాడిలా కూర్చున్నాడు. రత్నమ్మ గడపలో నిలబడి ఏడుస్తోంది, బాలింత గడప దాటకూడదు. నేను లోపలికి రమ్మంటే, “ఇక్కడే బాగుండాది” అన్నాడు.

అది మంచినీళ్ళకు ఆడవాళ్ళు పోయే వేళ. బిందెలు నడకలు తగ్గించాయి. కోర్టు సంగతి మాకన్నా ముందే ఊరు చేరింది. ఎదురింటి ఆమె చంకలో బిందె దించకుండానే, “ఈయప్పేనా? పాపం, బిడ్డ కాలు ఇట్లుండాది, ఏం చేస్తారు” అంది. పక్కనున్నవాళ్ళు తలలు ఊపారు. ఆయన లేచాడు. చెప్పుల కోసం చూశాడు. నేను చేయి పట్టుకుంటే విదిలించాడు.

అప్పుడు చౌడమ్మ బయటికి వచ్చింది. నీ ఉత్తరం చదివినప్పుడు కూడా ఆమె వక్క నములుతూ విన్నది, అంతే. ఇప్పుడు బిడ్డకు తలంటి, కాటుక పెట్టి, తన పట్టుచీర చెంగు చించిన ముక్కలో చుట్టి ఎత్తుకొని వచ్చింది. ఆ చీర ఎవరినీ ముట్టుకోనివ్వదు. నేరుగా ఆయన దగ్గరికి పోయి, “కూర్చోప్పా” అంది.

“వద్దొదినా. నేను...”

“కూర్చోమంటి.”

కూర్చున్నాడు. ఒళ్ళో బిడ్డను పెట్టింది. ఆయన చేతులు గాల్లోనే ఉన్నాయి, పట్టుకోవాలో వద్దో తెలియకుండా. “తల కింద చెయ్యి పెట్టు. నీ బీగం అంత బరువు లేదులే” అంది. అని వీధి వైపు తిరిగి, నడుం మీద చేయి పెట్టుకుంది. అన్నా, ఆ గొంతు బజారు దాకా వినబడి ఉంటుంది.

“తంతి ఇప్పించింది నేను. రైలెక్కి రమ్మనింది నేను. పొట్టలో ఉండే బిడ్డ తంతి ఇస్తాదా? ఎవురికన్నా కాలు మంచిది కాదనాలంటే నన్ననండి. ఇదో, నా కాలు. అరవై ఏండ్ల కాలు, మీ అందరి మాటలూ మోస్తాది. ఇంత లేదు, దీని కాలు, దీని మీద పెట్టొద్దండి.”

ఎదురింటి ఆమె బిందె సర్దుకొని కదిలింది. మిగతావాళ్ళు ఆమె వెనకే. చౌడమ్మ మాత్రం లోపలికి పోలేదు. ఆయన పక్కనే అరుగు మీద కూర్చొని, నీళ్ళకు పోయినవాళ్ళందరూ తిరిగి వచ్చేదాకా ఒక్కొక్కరి మొహం చూస్తూ ఉంది. వచ్చేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఒకామె ఆగి, “ముక్కు తాతదే” అని పోయింది.

రేపు ఏమంటారో, చాటున ఏమంటారో నాకు తెలియదు. చౌడమ్మ ఉన్నన్నాళ్ళు ఎదుట అనరు. అల్లుడు వేరుశెనక్కాయల మండీలో ఏదో పని అడిగి చూస్తానన్నాడు. దొరికిందాకా ఇక్కడే ఉండమని ఆమే చెప్పింది, నేను అడగలేదు.

దీపం పెట్టాను. చలి మొదలయింది. బిడ్డకు పాల వేళయి నేను చేయి చాపితే, ఆయన తల ఎత్తకుండానే, “కొంచేపు ఉండనీ గౌరీ, ఇప్పుడే కండ్లు మూసింది” అన్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

గౌరమ్మ